నెమ్మది వార్డు

మొదటి ఏడు, ఎండాకాలం

నెమ్మది వార్డులో ఈరోజు డ్యూటీలో చేరాను. పొద్దున్నే హెడ్ సిస్టర్ ఎస్తేరు నా చేతిలో చుక్కల సీసా పెట్టి, "ముందు కళ్ళు మేడమ్, తరవాతే మిగతావన్నీ" అంది. ఇక్కడి రోగులు రెప్ప వేస్తే అది పడి లేచేసరికి రెండు మూడు రోజులవుతుంది. ఈలోగా కన్ను ఎండిపోకుండా చుక్కలు వేస్తూనే ఉండాలి. కళ్ళయ్యాక నోరు. తడి గుడ్డతో పెదవులు, చిగుళ్ళు తుడవాలి. తరవాత వీపు పుండు పడకుండా పక్క మార్చాలి. మంచం కింది యంత్రం గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేస్తుంది, ఒళ్ళు చల్లగా ఉంచుతుంది. వాళ్ళ గోళ్ళు పెరగవు. గడ్డం గీసే పని లేదు.

పెద్ద డాక్టరు పరాంకుశంగారు నన్ను గదిలోకి పిలిచి ఈ వైద్యం గురించి చెప్పారు. "మెదడులో రక్తం ఆగిపోయిన చోట నిమిషాల్లో కణాలు చచ్చిపోతాయి. ఆ నిమిషాన్నే సాగదీస్తే? ఈ సూది వేశామంటే మన ఏడాది వాళ్ళకి ఒక్క నిమిషం. థియేటర్ ఖాళీ అయ్యేదాకా ఓ వారం ఆపితే చాలు. వారమంటే వాళ్ళకి ఒక క్షణం. నిద్ర కన్నా మెత్తగా గడిచిపోతుంది, ఇందుమతీ. ఏమీ తెలియదు."

పక్షవాతం, మెదడు రక్తనాళాల వైద్యం చదివిన ఇన్నేళ్ళలో నేను చూసిందల్లా ఆలస్యంగా వచ్చినవాళ్ళనే. వాళ్ళ వెంట పరుగెత్తడం, ఓడిపోవడం, బయటికొచ్చి బంధువులకి చెప్పడం. ఇప్పుడు ఆలస్యాన్నే ఆపేసే మందు నా చేతికొచ్చింది. ఆయన గదిలోంచి బయటికి వస్తుంటే కళ్ళు చెమర్చాయి.

అదే ఎండాకాలం, ఎర్ర మధ్యాహ్నం

కింద మైదానంలో ఎండ మనిషి ఓర్చుకోలేనంత అయినప్పుడు ఎర్ర సైరను మోగుతుంది. కొండ మీద మాకూ వినిపిస్తుంది. తరవాత కాసేపటికల్లా ఘాట్ రోడ్డు మీద లారీల చప్పుడు. ఒంట్లో నీళ్ళు ఆవిరైపోయి, రక్తం చిక్కబడి, మెదడు నాళాల్లో గడ్డలు కట్టినవాళ్ళని దింపుతూనే ఉంటారు. మాకున్నవి రెండు థియేటర్లు.

ఇవాళ దింపినవాళ్ళలో మైలపల్లి దానయ్య ఒకడు. నలభై ఏళ్ళు దాటి ఉండవు. సముద్రం ఒడ్డున పడవల మోటార్లు బాగుచేసేవాడట. ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించి కొండెక్కిస్తుంటే ఘాట్ మొదట్లో లారీ దిగి, అక్కడే కూలిపోయాడు. కుడి పక్క చచ్చుబడింది. ఎడమవైపు మెదడులో పెద్ద నాళం మూసుకుపోయింది. మా అంబులెన్సు వాళ్ళు రోడ్డు మీదే నెమ్మది సూది వేసి తీసుకొచ్చారు.

అతని భార్య పోలమ్మ చీర కుచ్చెళ్ళకి ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"నీళ్ళకోసరం దిగేడు డాట్రమ్మా. అలగే ఒరిగిపోనాడు. నా ఒళ్ళో తలెట్టుకున్నాను. లారీవోడేమో హారను కొడతన్నాడు, సైరనయిపోనాది, ఎక్కుతావా నేదా అని. మా మావ నాకేసి సూసి ఏదో సెప్పబోయేడు. నోరు తెరిసేడు కూడాను. అంతలో మీ ఓళ్ళు సూదేసేసేరు. ఏటి సెప్పబోయేడో."

"వారంలో ఆపరేషన్ చేస్తాం. అప్పుడు ఆయన్నే అడుగు" అన్నాను. పూర్తిగా నమ్మే అన్నాను.

మొదటి ఏడు, వానలు

దానయ్య వంతు మళ్ళీ వెనక్కి పోయింది. నెమ్మది సూది దొరకనివాళ్ళు, దానికి తట్టుకోలేనివాళ్ళు రోజూ వస్తున్నారు. వాళ్ళు వరండాలో మూలుగుతుంటే, చల్లగా కదలకుండా పడుకున్న మనిషిని ముందు థియేటర్‌కి తీసుకెళ్ళమని ఏ డాక్టరు అడగగలడు? నేనూ అడగలేదు. "నెమ్మదివాళ్ళు ఆగగలరు" అన్నది ఇక్కడ ఊతపదం అయిపోయింది. పోలమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనికి కుదిరింది.

నాలుగో ఏడు, చలికాలం

దుప్పట్ల మోపు దింపి పోలమ్మ మొగుడి మంచం పక్కన నిలబడింది. దానయ్య మొహం మీద ఒక్క గీత కూడా మారలేదు.

"ఇలగే ఇంకొన్నాళ్ళుంటే ఆడికన్నా నానే పెద్దదాన్నయిపోతాను" అని నవ్వింది. తరవాత నన్ను అడిగింది. "నాను మాటాడితే ఇంటాడా?"

"మన మాట వాళ్ళకి దోమ రెక్క చప్పుడంత కూడా ఉండదు పోలమ్మా. అంత వేగంగా వెళ్ళిపోతుంది."

"సెయ్యట్టుకుంటే?"

"అది కూడా అంతే. తెలిసేలోపు అయిపోతుంది."

అయినా ఒక పూట సెలవు దొరికితే చాలు, ఆ పూటంతా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది.

తొమ్మిదో ఏడు, ఎండాకాలం

ఇవాళ దానయ్య నోరు తుడుస్తుంటే వేలికి పెదవి తగిలిన తీరు కొత్తగా అనిపించింది. పోయిన వానల్లో దవడ తెరుచుకుని ఉండేది, గుడ్డ పూర్తిగా లోపలికి వెళ్ళేది. ఇప్పుడు రెండు పెదవులూ ముడుచుకుని ముందుకొచ్చి ఉన్నాయి. కండరాలు బిగుసుకుపోతున్నాయేమోనని దవడ కదిపి చూశాను. బిగుసుకోలేదు. మెత్తగా ఉంది. పెదవులు మాత్రం, ఎవరో "పో" అని పలకబోతుంటే ఆపేసినట్టు ఉన్నాయి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ తరవాత ఆ మొహం వంక చూడబుద్ధి కాలేదు. ఎస్తేరుని పిలిచి మిగతా నోళ్ళు తుడవమన్నాను.

తొమ్మిదో ఏడు, వానలు

దానయ్య మొహానికి ఎదురుగా ఒక కెమెరా పెట్టి గంటకొక బొమ్మ తీయించాను. గొంతు మీద, దవడ కింద కండరాల కదలిక పట్టే తీగలు అంటించాను. మెడలో ఊపిరి గొట్టం ఉంది కాబట్టి గొంతులోంచి గాలి రాదు, చప్పుడు రాదు. అయినా నాలుక ఎక్కడ ఆనుతోందో, గొంతు ఎప్పుడు బిగుస్తోందో తీగలు చెబుతాయి. వానాకాలమంతా తీసిన బొమ్మల్ని ఇవాళ మధ్యాహ్నం ఒకదాని వెంట ఒకటి వేగంగా తిప్పి చూశాం, నేనూ ఎస్తేరూ.

తెర మీద దానయ్య కదిలాడు.

కనుబొమలు ముడిపడ్డాయి. కళ్ళు పక్కకి తిరిగి ఎవరినో వెతికాయి, దొరక్క మళ్ళీ వెతికాయి. నుదుటి మీద నరం ఉబ్బింది. పెదవులు కలిసి, విడివడి, నాలుక పైకి లేచింది. తీగల గుర్తుల్ని నేను పైకి చదివాను. "పో." కాసేపాగి, "లీ."

ఎస్తేరు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "పోలమ్మని పిలుస్తున్నాడు మేడమ్. భయపడుతున్నాడు. ఆ కళ్ళు చూడండి, ఎంత భయమో."

నేను లెక్క కట్టుకున్నాను, కట్టకుండా ఉండలేకపోయాను. మనకి తొమ్మిదో ఏడు. అతనికి తొమ్మిదో నిమిషం. తల పగిలే నొప్పి, చెయ్యి కాలు తనవి కాకుండా పోవడం, నేల మీదికి ఒరిగిపోవడం, ఇవన్నీ మనకి ఎప్పుడో అయిపోయిన సంగతులు. అతనికి ఇంకా అవుతూనే ఉన్నాయి. ఈ వార్డులో ఎవరూ నిద్రపోవడం లేదు. ఒక్కొక్కరూ పడిపోతున్న ఘడియలోనే ఉండిపోయారు. నేను రోజూ వాళ్ళ మధ్య చుక్కల సీసా పట్టుకుని తిరుగుతున్నాను.

తొమ్మిదో ఏడు, చలి మొదలు

పరాంకుశంగారికి ఆ బొమ్మలు చూపించాను. ఆయన రెండుసార్లు చూశారు.

"కండరాల అదురు" అన్నారు.

"పేరు పెట్టి పిలుస్తున్నాడు సార్."

"నువ్వు వినాలనుకున్నావు కాబట్టి పేరులా వినిపించింది." కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. బయట కొత్త భవనానికి పునాదులు తీస్తున్నారు. వెయ్యి మంచాల నెమ్మది వార్డు అది. "పోనీ, నువ్వన్నదే నిజమనుకుందాం. సూది ఆపేస్తాను. వచ్చే ఎండాకాలం ఆ వరండా ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఎవరిని చావమంటావో నువ్వే చెప్పు."

బొమ్మలు తీసుకుని లేచాను.

తలుపు దాకా వచ్చాక ఆయన వెనకనుంచి అన్నారు. "మిగతావాళ్ళ మొహాల ముందు కెమెరాలు పెట్టకు. ఇది నా ఆర్డరు."

పదో ఏడు, ఎండాకాలం

పోలమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. తెర ముందు కూర్చోబెట్టి చూపిస్తే ముందు చెయ్యి చాచి తెర మీద మొగుడి చెంప తడిమింది. తరవాత కోపంగా నా వైపు తిరిగింది.

"పదేళ్ళనుంచి ఇక్కడే ఉన్నాను గదా. నన్నెందుకు ఎతుకుతున్నాడు?"

"మనం ఆయనకి కనపడం పోలమ్మా. ఒక్క చోట నెలల తరబడి కదలకుండా ఉంటే తప్ప."

ఆ తరవాత అక్షరాలు ఒకటొకటిగా వచ్చాయి. ఒక్కో అక్షరానికి రెండు మూడు వారాలు. లాండ్రీలో పని అవగానే తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏటయినా వొచ్చిందా?" అని అడిగేది. "న" వచ్చింది. "న్నొ" వచ్చింది. "నన్నొ" దాకా వచ్చాక తనే పూరించుకోబోయి, భయపడి మానేసింది. పోయిన వారం "గ్గీ" వచ్చింది.

పోలీ, నన్నొగ్గీ.

వాళ్ళ మాటలో ఒగ్గీ అంటే వదిలెయ్యమని. ఇంకొక్క అక్షరం చేరి ఒగ్గీకు అయితే వదలొద్దని. ఆ ఒక్క అక్షరం ఉందో లేదో తెలియడానికి ఇంకో మూడు వారాలు ఆగాలి.

"'కు' అనాలంటే పెదాలు ముందుకొస్తాయి గదా?" అని అడిగింది.

"వస్తాయి."

"అయితే నాను సూస్తాను."

పదో ఏడు, వానల ముందు

పోలమ్మ పనికి వెళ్ళడం లేదు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని దానయ్య పెదవుల వంక చూస్తోంది. పూట పూటకీ నన్ను పిలుస్తుంది. "డాట్రమ్మా, కూసింత గుండ్రమయినట్టు నేదూ?" నేను వంగి చూస్తాను. పెదవులు పక్కలకి సాగి అలాగే ఉన్నాయి.

వారం పోయింది. రెండో వారం పోయింది. ఇవాళ మూడోదీ అయింది. పెదవులు ముందుకి రాలేదు.

పోలమ్మ స్టూలు మీంచి లేచింది. మొహం కడుక్కుని వచ్చింది. "ఒగ్గీమన్నాడు" అంది. "పదేళ్ళు ఒగ్గకండా ఆడిని బాదెట్టేను. ఆ మిసను ఆపీండి డాట్రమ్మా."

"తొందరపడకు. నాలుక ఇంకా ఆగలేదు. గుర్తులు వస్తూనే ఉన్నాయి."

"ఇంకేటి సెప్తాడు? ఒగ్గీ అన్నాక ఇంకేటుంటాది?"

"ఉంటే? ఆ మాట వినకుండా ఆపేస్తే, నువ్వూ నేనూ ఎలా బతుకుతాం?"

ఆమె నా భుజం పట్టుకుని నిలబడింది. సూది ఆపి, యంత్రం ఆపి, ఆ మనిషిని పంపించెయ్యడం నాకు ఒక గంట పని. నాక్కూడా ఆ క్షణాన ఆపేద్దామనే అనిపించింది.

పదో ఏడు, వానలు

"సి" వచ్చింది. ఒగ్గీసి.

వాక్యం అవలేదన్న మాట. వదిలేసి, ఆ తరవాత ఏదో ఉంది.

వానాకాలం సగం గడిచేసరికి మిగతాది వచ్చింది. "ఎ". "ల్లి". చివర పెదవులు రెండూ మెల్లగా కలిసి, గుండ్రంగా ముందుకొచ్చాయి. తెర మీద మొత్తం తిప్పి చూశాం. చెమట పట్టిన మొహంతో, సగం జారిపోయిన నోటితో దానయ్య అంటున్నాడు: "పోలీ, నన్నొగ్గీసి ఎల్లిపో."

పోలమ్మ ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు వెంటనే ఏడుపయింది.

"లారీ డాట్రమ్మా! లారీ ఎల్లిపోతాదని! నన్ను ఎక్కీమంటున్నాడు. ఆడింకా ఆ రోడ్డు మీదే ఉన్నాడు. మండుటెండలో, నా ఒళ్ళో తలెట్టుకుని, నాను సచ్చిపోతానని బయపడతన్నాడు." నేల మీద కూలబడి రెండు చేతులతోనూ నా కాళ్ళు పట్టుకుంది. "ఆ రోడ్డు మీంచి తెచ్చీండి. బతికితే బతుకుతాడు, సస్తే సస్తాడు. అక్కడుంచొద్దు."

పదో ఏడు, వానలే

పరాంకుశంగారితో చెప్పేశాను. దానయ్యకి థియేటర్ ఇచ్చేదాకా ఎవరికీ ఆ సూది నా చేత్తో వెయ్యనని. ఆయన అరవలేదు. ఈసారి వానలు బాగా పడ్డాయి, ఎన్నడూ లేనిది థియేటర్ ఒకటి ఖాళీ అయింది. "నీకొక్కడు కావాలి, తీసుకో" అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు.

రెండు రోజులపాటు వేడెక్కిస్తూ సూది మందు తగ్గించాం. తొడ దగ్గర నాళంలోంచి సన్నని తీగ మెదడు దాకా పంపి, గడ్డ పట్టుకుని లాగాను. నల్లగా, వడ్లగింజంత ఉంది. ఆ కాస్త గడ్డ పదేళ్ళు అక్కడ కూర్చుంది. రక్తం తిరిగి పారుతుంటే తెర మీద కొమ్మకి చిగుళ్ళు వేసినట్టు నాళాలన్నీ ఒక్కొక్కటే కనిపించాయి.

మర్నాడు పొద్దున గొంతు గొట్టం తీశాం. దానయ్య కళ్ళు తెరిచి, రెప్ప వేశాడు. పోలమ్మ మొహం మీద చూపు ఆగింది.

"ఎల్లనేదేటి?" అన్నాడు. మాట ముద్దగా ఉంది, కానీ మాటే.

"ఎల్లనేదు మావా."

కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చెయ్యెత్తి ఆమె జుట్టు దులపబోయాడు. "నెత్తి మీద ఈ దుమ్మేటి?"

పోలమ్మ నెరిసిన తల అతని చేతికిందికి వంచింది. "దుమ్మే మావా. రోడ్డు దుమ్ము. కడుక్కుంటాన్లే."

ఎస్తేరు వెనక్కి తిరిగిపోయింది. నేను చార్టు మీద ఏదో రాస్తున్నట్టు నిలబడ్డాను.

పదకొండో ఏడు మొదలు

దానయ్య కర్ర పట్టుకుని వరండా చివరిదాకా నడుస్తున్నాడు. పదేళ్ళు పోయాయని పోలమ్మే చెప్పింది, కొంచెం కొంచెంగా. అతను విన్నాడు, నమ్మాడో లేదో తెలియదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను అతని పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన ప్రశ్న అడిగాను.

"లోపల నీకు ఏం కనిపించింది దానయ్యా?"

అతను మాటలు వెతుక్కున్నాడు. "రోడ్డు మీదున్నాననే అనుకున్నాను. కళ్ళ ముందల మాత్రం ఎలుగూ సీకటీ కొట్టుకునీవి, పిట్ట రెక్కల్నాగ. మనుసులెవలూ అగుపడనేదు. గాలిలాగ ఏటో నా మీంచి తిరిగీది. మొగం మీద తడి. అంతే." ఆగాడు. "ఒకావిడ అగుపడ్డాది."

"ఎవరు?"

"నా ఎడంపక్క. మంచం మీద. ఆవిడొక్కతే కదలకండా ఉండీది. నన్ను సూసింది. నాను ఆవిణ్ణి సూసేను. మా ఇద్దరికీ ఇంకెవలూ నేరు." చేతి కర్ర గట్టిగా పట్టుకున్నాడు. "ఆవిడ అరుస్తున్నాది డాట్రమ్మా. గొంతు రావట్లేదు గాని, గుండె పగిలీలాగ అరుస్తున్నాది. నాను లెగిసొచ్చేసేను. ఇప్పుడావిడ ఎవల్ని సూస్తాది?"

అతని ఎడమ పక్క మంచం తులసమ్మగారిది. పేడాడ తులసమ్మ, లెక్కల టీచరు, పెళ్ళి చేసుకోలేదు, చూడటానికి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. నేను చేరేనాటికే రెండేళ్ళుగా ఈ వార్డులో ఉన్నారు. ఆవిడకి నాళం మూసుకుపోలేదు, మెదడు కాండంలో చిట్లింది. అక్కడికి ఏ తీగా వెళ్ళదు. లేపితే కొద్ది గంటలు. అందుకే ఆవిడ వంతు ఎన్నడూ రాలేదు, ఎవరూ అడగలేదు. ఆవిడ నోరు తెరుచుకుని ఉంటుంది. రోజూ నేనే తడి గుడ్డ వేస్తాను.

లేచి వార్డులోకి వెళ్ళాను. ఖాళీ అయిన దానయ్య మంచం మీద, అతను పడుకున్న చోటే, తల పెట్టి పడుకున్నాను. ఎడమ పక్కకి తిరిగాను.

తులసమ్మగారు తిన్నగా నన్నే చూస్తున్నారు.

ఆ మర్నాడు

పరాంకుశంగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను, ఎప్పుడూ చెయ్యనంత చనువుగా. ఆ మంచం మీద పడుకోమన్నాను. ఆయన డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి. చెప్పులు విప్పి, పడుకుని, ఎడమవైపు తిరిగారు.

చాలాసేపు లేవలేదు.

లేచాక మంచం అంచున కూర్చుని, "ఇదంతా వాళ్ళకి తెలుస్తూనే ఉంటే, మనం ఏం చేశాం ఇందుమతీ?" అని అడిగారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. కొత్త భవనం దగ్గర సుత్తుల చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి ఆయన లేచి బయటికి వెళ్ళారు. ఆ చప్పుడు ఆగిపోయింది.

మిగతావాళ్ళందరినీ వరసగా థియేటర్‌కి తీసుకెళ్ళమన్నారు. తులసమ్మగారి సంగతి నాకే వదిలేశారు. వచ్చే ఎండాకాలం లారీలు వచ్చినప్పుడు ఏం చేస్తామన్నది ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండు రోజుల తరవాత

తులసమ్మగారిని లేపాం.

నిన్నటి నుంచే మందు తగ్గిస్తున్నాం. ఈ పొద్దున గొంతు గొట్టం మూసి ఊపిరిని నోటి దారికి మళ్ళించాను. మొదట ఏ చప్పుడూ లేదు. కాసేపటికి ఎస్తేరు మంచం కమ్మీ మీద చెయ్యి వేసి, "మేడమ్, ఇది అదురుతోంది" అంది. నేనూ పట్టుకుని చూశాను. ఇనుము సన్నగా కంపిస్తోంది. మందు తగ్గేకొద్దీ ఆ కంపనం చప్పుడయింది. దూరాన ఎక్కడో పెద్ద ఇంజను తిరుగుతున్నట్టు, నేల కిందనుంచి వస్తున్నట్టు. మెల్లమెల్లగా పైకి లేచింది. మగ గొంతయింది, ముసలి గొంతయింది. చివరికి ఆడమనిషి గొంతయింది. దానయ్య గుమ్మంలో కర్ర మీద ఆనుకుని చెవులు మూసుకోకుండా నిలబడ్డాడు.

పన్నెండేళ్ళ కిందట మొదలైన ఆ కేక వార్డంతా నిండిపోయింది.

నేను ఆవిడ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకున్నాను. "టీచరుగారూ! ఇక్కడే ఉన్నాను. ఇటు చూడండి. ఇటు."

కళ్ళు నా వైపు తిరిగాయి. మొహం మీద ఆగాయి. కేక తెగిపోయింది. ఎగశ్వాస తీస్తూ నన్ను పరీక్షగా చూశారు, తరగతికి ఆలస్యంగా వచ్చిన పిల్లని చూసినట్టు.

"ఎవరమ్మా నువ్వు?"

"డాక్టర్నండీ. ఇందుమతి."

"ఇంతసేపూ ఎవరూ రాలేదేం?"

ఇన్నేళ్ళూ రోజూ వచ్చానని చెప్పాలనిపించింది. మీ కళ్ళలో చుక్కలు వేసింది నేనేనని.

"వచ్చాను కదండీ" అన్నాను చివరికి.

"ఆ అబ్బాయి?" అన్నారు. గుమ్మం వైపు చెయ్యి చూపించాను. దానయ్య తడబడుతూ వచ్చి మంచం అవతలి పక్క నిలబడ్డాడు. ఆవిడ అతన్ని చూసి, తలాడించి, కళ్ళు తుడవమన్నట్టు నా వైపు మొహం తిప్పారు. తుడిచాను.

"తొందరగా వెళ్ళాలా నీకు?"

"లేదండీ. ఎక్కడికీ వెళ్ళను."

"అయితే కూర్చో."

కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ మంచం మీదికొచ్చింది. ఆవిడ నా చెయ్యి వదలకుండా, ఆ ఎండ దుప్పటి మీద జరగడం చూస్తూ ఉన్నారు. అది దుప్పటి దాటి నేల మీదికి దిగేదాకా చూశారు.